వాన పడితే మిర్చి తడుస్తుంది: ఫోన్ కార్డులతో ఇంగ్లీష్ వ్యాకరణం



ముందు ఒక చిన్న పని పెడతాను. నేను తెలుగులో ఒక వాక్యం చెప్తాను. మీరు దాన్ని ఇంగ్లీషులో అనండి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, పైకే అనాలి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లనూ అనమనండి. వాక్యం ఇది: "వాన పడితే మిర్చి తడుస్తుంది."

అన్నారా?

మానుకోట, అంటే మహబూబాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో మిర్చి ఆరబోసుకున్న ప్రతి కల్లం దగ్గరా, మబ్బు పట్టినప్పుడల్లా వినపడే మాటే ఇది. దీన్నే ఇంగ్లీషులో చెప్పమంటే మనలో చాలామందికి "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని వస్తుంది. వాన ఇంకా పడలేదు, పడబోయేదే కదా, మరి విల్ పెట్టకుండా ఎట్లా అనిపిస్తుంది. సరైన వాక్యం: "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద చిల్లీస్ విల్ గెట్ వెట్." ఇఫ్ ఉన్న ముక్కలో విల్ రాదు, రెండో ముక్కలో వస్తుంది.

ఈ నియమం మీకు కొత్తదేమీ కాదు. హైస్కూల్లోనో ఇంటర్‌లోనో నోట్సు రాసుకునే ఉంటారు. టెట్‌కో, డీఎస్సీకో, గ్రూప్స్‌కో తయారయ్యేవాళ్లు మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని గడగడా అప్పజెప్తారు కూడా. అయినా నోట్లోంచి విల్ జారింది. నియమం తెలియడం వేరు, వాక్యం నోటికి రావడం వేరు. ఈ రెంటి మధ్య దూరం తగ్గించడానికి ఫోన్‌లో ఫ్లాష్‌కార్డులు ఎట్లా పనికొస్తాయో ఈ పూట మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కార్డు మీద సూత్రం రాసుకుంటే దండగ. తెలుగులో ఆలోచించే మన నోరు ఎక్కడ తడబడుతుందో, ఆ వాక్యం రాసుకోవాలి.

ఫ్లాష్‌కార్డు అంటే తెలిసిందే. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. అట్టముక్క మీదైనా రాసుకోవచ్చు. ఫోన్‌లో పెట్టుకుంటే కలిసొచ్చేది ఒకటే: ఏ కార్డును మళ్లీ ఎప్పుడు చూపించాలో అదే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క వెనక కొంచెం కథ ఉంది.

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలను బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నానో కొలిచి, 1885లో పుస్తకం అచ్చేశాడు. ఆయన లెక్కలో గంట గడిచేసరికే సగానికి పైగా పోయింది. ఒకరోజు తిరిగేసరికి మిగిలింది దాదాపు మూడో వంతు. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత మరుపు మెల్లబడింది. నెల తర్వాత కూడా ఐదో వంతు నిలిచింది. ఒకే రోజు కూర్చుని పదేపదే వల్లించే కంటే, ఆ పనిని కొన్ని రోజులకు పంచి ఎడం ఎడంగా తిరగేస్తే తక్కువ శ్రమతో యాదిలో ఉంటుందని కూడా ఆయనే చూశాడు. మిరప తోట పెంచేవాళ్లకు ఈ ఎడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోజూ నీళ్లు పారిస్తే వేరు కుళ్లుతుంది, మరీ ఆలస్యం చేస్తే పూత రాలుతుంది. భూమి ఆరే అదను చూసి తడి పెట్టాలి.

ఆ అదను కనిపెట్టడానికి 1972లో సెబాస్టియన్ లైట్నర్ ఒక పెట్టె ఉపాయం చెప్పాడు. పెట్టెలో అరలు ఉంటాయి. జవాబు వచ్చిన కార్డు తర్వాతి అరలోకి పోతుంది, రాని కార్డు మొదటి అరకు తిరిగొస్తుంది. మొదటి అరను రోజూ, తర్వాతి వాటిని ఇంకా ఇంకా ఆలస్యంగా తిరగేయాలి. పోలండ్ దేశపు పియోటర్ వోజ్నియాక్ 1987లో ఇట్లాంటి ఎడాన్ని కంప్యూటర్ చేత లెక్క కట్టించాడు. ఆయన పద్ధతిలో మొదట ఒక రోజుకు, తర్వాత ఆరు రోజులకు, ఆపైన ప్రతిసారీ అంతకు రెండు, రెండున్నర రెట్ల ఎడంతో కార్డు కనబడుతుంది. తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారు చేసిన యాంకీ అనే యాప్ ఈ దారిలో వచ్చిందే. కంప్యూటర్లో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లో యాంకీడ్రాయిడ్ పేరుతో ఉచితంగా దొరుకుతుంది. ఐఫోన్లో మాత్రం డబ్బు కట్టాలి. దగ్గరి పేర్లతో వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, పేరు సరిగ్గా చూసుకుని దించుకోండి.

కథ చాలు. మన ఊళ్లకు వద్దాం.

మానుకోట నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు పై చదువులూ కచేరీ రాతకోతలూ ఉర్దూలో నడిచాయి. ఆ కాలంలో బడికి పోయిన తాతలకు ఉర్దూ వచ్చు. తండ్రులు తెలుగు మీడియం. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. మూడు తరాలకు మూడు బడి భాషలన్నమాట. పిల్లకు ఒక వాక్యం దగ్గర అనుమానం వస్తే ఇంట్లో ఎవరిని అడగాలి? తండా పిల్లల సంగతి ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. ఇంగ్లీష్ వ్యాకరణాన్ని తెలుగులో వివరిస్తే చాలనుకుంటాం గానీ, ఆ పిల్లలకు తెలుగే రెండో భాష. అట్లాంటి పిల్ల తన కార్డు ముందువైపు లంబాడీ మాటను తెలుగు లిపిలో రాసుకుంటే తప్పేమీ లేదు. కార్డు ఆమె కోసం, పరీక్ష దిద్దేవాళ్ల కోసం కాదు గదా.

ఇంగ్లీష్ మీడియంతో పాటు సర్కారు ద్విభాషా పాఠ్యపుస్తకాలు కూడా ఇచ్చింది. ఒక పేజీలో తెలుగు పాఠం, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. చాలామంది పిల్లలు తెలుగు పేజీ చదివేసి ఎదురు పేజీ వైపు చూడరు. లేదా ఇంగ్లీష్ పేజీలో ప్రశ్నకు జవాబు ఎక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టుకుని ఊరుకుంటారు. నన్నడిగితే కార్డుల కోసం అంతకంటే మంచి గని లేదు. వేర్లు నీటిని పీల్చుకుంటాయి అని తెలుగు పేజీలో ఉంటే, ఎదురుగా "వాటర్ ఈజ్ అబ్జార్బ్డ్ బై ద రూట్స్" లాంటి వాక్యం ఉంటుంది. తెలుగు వాక్యం ముందువైపు, ఇంగ్లీష్ వాక్యం వెనకవైపు పెడితే ప్యాసివ్ వాయిస్‌కు ఒక కార్డు తయారు. పైసా ఖర్చు లేదు, సైన్సు పాఠం కూడా పనిలో పనిగా యాదికి ఉంటుంది.

అయితే ఏ వాక్యాలు ఎంచుకోవాలి? ఇక్కడ కాసేపు ఆగుదాం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

తెలుగు క్రియను చూడండి. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు. ఎవరు వస్తారో క్రియ చివరనే తెలిసిపోతుంది. నేను, నువ్వు అని వేరే అనకపోయినా నడుస్తుంది. ఇంగ్లీషులో ఆ ప్రత్యయాలు దాదాపు అన్నీ రాలిపోయాయి. మామూలు వర్తమానంలో హి, షి, ఇట్ అనేవాటికి చివర ఒక్క 'స్' మిగిలింది. ఇన్ని ప్రత్యయాలు అలవోకగా వాడే మనం ఆ ఒక్క స్ దగ్గర బోర్లాపడతాం. "మై ఫాదర్ గో టు ద మార్కెట్" అంటాం. దీనికి "థర్డ్ పర్సన్ సింగ్యులర్ అంటే ఏమి?" అని కార్డు రాసుకుంటే వెయ్యిసార్లు జవాబు చెప్పినా నోటికి స్ రాదు. "మా నాయిన రోజూ పొద్దుగాల మార్కెట్‌కు పోతాడు" అని ముందువైపు రాసి, "మై ఫాదర్ గోస్" అని వెనకవైపు రాయాలి. తర్వాత అమ్మతో ఒకటి, మేకపిల్లతో ఒకటి, బడి బస్సుతో ఒకటి. నాలుగు కార్డులు, నాలుగు వేర్వేరు రోజుల్లో ఎదురైతే చెవికి ఆ స్ వినిపించడం మొదలవుతుంది.

ఇంకో చిక్కు. "వస్తుంది" అనే ఒక్క మాటే మనకు రోజువారీ అలవాటుకూ పనిచేస్తుంది, రేపటి సంగతికీ పనిచేస్తుంది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ రోజూ వస్తుంది. గోల్కొండ ఇంకో పది నిమిషాల్లో వస్తుంది. మానుకోట స్టేషన్ బల్ల మీద కూర్చున్నవాళ్లు రెండూ అంటారు, క్రియ మారదు. ఇంగ్లీషులో మొదటిది "ద గోల్కొండ కమ్స్ ఎవ్రీ డే". రెండోది "ద గోల్కొండ విల్ కమ్ ఇన్ టెన్ మినిట్స్". ఈ రెండిటినీ ఒకే కార్డులో కుక్కకూడదు. విడివిడిగా రెండు కార్డులు చేసి వదిలేయండి. ఏది ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎదురైనప్పుడు, రోజూ అనే మాటనూ పది నిమిషాల్లో అనే మాటనూ మీరే పట్టుకుంటారు. బండి ఆలస్యమైన రోజు మూడో కార్డు కూడా దొరుకుతుంది. మనమే ఆలస్యమైతే నాలుగోది: "మేం స్టేషన్‌కు చేరేసరికి గోల్కొండ వెళ్లిపోయింది." వెనకవైపు "హాడ్ లెఫ్ట్". పాస్ట్ పర్ఫెక్ట్ ఎందుకు పుట్టిందో ఆ రోజు బాగా అర్థమవుతుంది!

మన జిల్లా పుట్టినరోజుతో ఒక జత చూడండి. మహబూబాబాద్ 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. "మహబూబాబాద్ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016." అప్పటి నుంచి జిల్లాగానే ఉంది. "మహబూబాబాద్ హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016." సంవత్సరం అదే, ఊరు అదే, క్రియ మారింది. మనం మామూలుగా అనేది "ఈజ్ ఎ డిస్ట్రిక్ట్ ఫ్రమ్ 2016". తెలుగులో "నుంచి ఉంది" అంటాం కాబట్టి ఈజ్, ఫ్రమ్ సహజంగా దొర్లుతాయి. ఇట్లాంటి చోట వాక్యమంతా అడగకుండా హాజ్ బీన్ ఉన్న చోట ఖాళీ వదిలి అడగొచ్చు. యాప్‌లో దానికి ప్రత్యేకంగా ఒక కార్డు రకం ఉంది. అమెరికాలో విల్సన్ టేలర్ అనే ఆయన 1953లో, ఒక రచన ఎంత సులువో కష్టమో కొలవడానికి మాటలు తీసేసి పూరించమనే పద్ధతి పెట్టాడు. ఆయన పెట్టిన పేరే ఇప్పుడు యాప్‌లో క్లోజ్ అని కనిపిస్తుంది. మనకు అది "ఖాళీలు పూరించుము" అని ఏనాటి నుంచో పరిచయమే. ఒక్క తేడా, పోటీ పరీక్షలో కింద నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. కార్డులో మాత్రం ఆ నాలుగు పెట్టకండి. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం తేలిక, ఏమీ లేని చోట నుంచి తెచ్చుకోవడమే నేర్చుకోవాల్సిన పని.

ఇంటర్వ్యూలకు పోయేవాళ్లకు ఇంకో రకం కార్డు అక్కరకొస్తుంది. "నిన్న బడికి రాలేదా?" అని సారు అడిగితే, రాని పిల్లవాడు "అవును సార్, రాలేదు" అంటాడు. అడిగినాయన మాటతో ఒప్పుకుంటున్నాడు, తెలుగులో అది సబబే. ఇంగ్లీషులో "నో సర్, ఐ డిడ్‌ంట్" అనాలి. తిరగేసి చూడండి. "హావెంట్ యు కంప్లీటెడ్ యువర్ డిగ్రీ?" అని ఇంటర్వ్యూలో అడిగారు. డిగ్రీ పూర్తయింది. మన బుద్ధి "లేదండీ, అయిపోయింది" అనబోతుంది, నోరు "నో" అంటుంది. ఆ నో ఒక్కటే అవతలాయన చెవిన పడితే డిగ్రీ లేనట్టే. కాబట్టి కార్డు ముందువైపు ఆ ప్రశ్నను ఇంగ్లీషులోనే రాసి, పక్కన తెలుగులో "పూర్తయింది" అని గుర్తు పెట్టుకోండి. వెనకవైపు "యెస్, ఐ హావ్". అట్లాంటివి పదిపన్నెండు చేసుకుని, ఫోన్ చేతే చదివించుకుని, జవాబు పైకి చెప్పండి. కార్డులోని వాక్యాన్ని చదివి వినిపించే ఏర్పాటు యాంకీడ్రాయిడ్‌లో ఉంది.

అన్నిటికీ కార్డులు పనికిరావు. ఎ, ఆన్, ద అనే ఆర్టికల్స్ చూడండి. "ఊళ్లోకి డాక్టర్ వచ్చాడు" అన్న ఒక్క వాక్యంతో ఎ డాక్టరా, ద డాక్టరా ఎవరు చెప్పగలరు? ముందు ఆయన గురించి మాట్లాడుకున్నామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెలుగులో అట్లాంటి వస్తువే లేదు కాబట్టి మనకు ఆసరా కూడా లేదు. ఆర్టికల్స్ కోసం కార్డులు గుట్టలుగా చేసి విసిగిపోయే కంటే, రోజూ ఒక పేజీ కథో వార్తో చదవడమే మేలు. ప్రిపొజిషన్లు సగం సగం. "డిస్కస్ అబౌట్" అనకూడదు, "మ్యారీడ్ విత్" కాదు "మ్యారీడ్ టు" అనేవి కార్డులకు బాగా ఒదుగుతాయి.

వ్యాకరణ పుస్తకాన్ని అటకెక్కించమని నేను అనను. రెన్ అండ్ మార్టిన్ మన ఇళ్లలో తరాలుగా ఉంది. రేమండ్ మర్ఫీ రాసిన ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్ 1985 నుంచీ వస్తోంది, సొంతంగా చదువుకునేవాళ్లకు అది ఇంకా తేలిక. ఒక కార్డు దగ్గర ఎందుకు తప్పుతున్నామో అర్థం కానప్పుడు పుస్తకం తెరవండి, ఆ పేజీ ఒక్కటి చదవండి, మూసేయండి. ఆకలేసినప్పుడే అన్నం రుచి అంటారే, వ్యాకరణ నియమం కూడా అంతే. పేజీని మొత్తం కార్డుల్లోకి ఎక్కించే పని మాత్రం పెట్టుకోకండి.

ఎవరో తయారు చేసిన కార్డుల కట్టలు ఇంటర్నెట్‌లో వేలల్లో దొరుకుతాయి. చూస్తే నోరూరుతుంది. దించుకుంటే రెండువేల వాక్యాలు ఒక్క నిమిషంలో మనవైపోతాయి. కానీ వాటిలో మంచు కురుస్తుంటుంది, జాన్ మేరీతో కలిసి ఒపెరాకు పోతుంటాడు. మనకు మిర్చి రేటు గురించి మాట్లాడాల్సి వస్తుంది, బ్యాంకు మేనేజర్‌కు లోను సంగతి చెప్పాల్సి వస్తుంది. పైగా ఆ కట్ట తయారు చేసినాయన తెలుగువాడు కాకపోతే, మనం ఎక్కడ జారతామో ఆయనకేం తెలుస్తుంది? కార్డు రాసుకోవడంలోనే సగం చదువు అయిపోతుంది. ఆ సగం ఇంకొకరికి అప్పజెప్పకండి. టైపు కొట్టడం కష్టమైతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, ఫోనే రాసుకుంటుంది. ఇంగ్లీష్ వాక్యం సరైనదో కాదో మాత్రం ఇంగ్లీష్ సారుకో మేడమ్‌కో ఒకసారి చూపించి తీరాలి. తప్పు వాక్యాన్ని కార్డులోకి ఎక్కిస్తే, యాప్ ఆ తప్పునే ఏళ్ల తరబడి శ్రద్ధగా నేర్పుతుంది.

ఇక రోజువారీ వాడకం. కార్డు తెరిచారు. "వాన పడితే మిర్చి తడుస్తుంది" అని ఉంది. జవాబు పైకి అనండి, తర్వాతే వెనకవైపు చూడండి. కింద నాలుగు మీటలు ఉంటాయి: మళ్లీ, కష్టం, బాగుంది, తేలిక అన్న అర్థంతో. "రెయిన్స్" అనాల్సిన చోట "విల్ రెయిన్" అని, వెనకవైపు చూశాక "ఆ, నాకు తెలుసులే" అని బాగుంది నొక్కారనుకోండి. కార్డు వారం తర్వాత గానీ కనబడదు, ఈలోపు పూర్తిగా పోతుంది. నోరు తప్పితే తప్పినట్టే, మళ్లీ నొక్కాలి. ఎవరూ చూడరు, మార్కులు వేయరు. అయినా ఈ చిన్న అబద్ధం ఎందుకో అందరం ఆడతాం.

రోజుకు 20 కొత్త కార్డులు చూపించేలా యాప్ ముందే సిద్ధమై వస్తుంది. దాన్ని ఐదుకు తగ్గించండి. కొత్త కార్డు ఒక్కరోజుతో పోదు, రేపు వస్తుంది, వారంలో వస్తుంది, నెలలో వస్తుంది. 20 చొప్పున మొదలుపెడితే కొద్ది వారాలకే రోజుకు వంద, నూట యాభై దాకా పేరుకుంటాయి, అప్పుడు యాప్ తీసేయబుద్ధవుతుంది. ఐదైతే బస్సు కోసం నిలబడ్డ సేపట్లో అయిపోతుంది.

ఇంట్లో ఒకటే ఫోను, అదీ పగలంతా నాయిన జేబులో ఉంటుందంటారా? ఒకే ఫోన్‌లో అక్కకో కట్ట, తమ్ముడికో కట్ట వేర్వేరు పేర్లతో పెట్టుకోవచ్చు. దించుకున్నాక నెట్ అక్కర్లేదు. గంగారం, కొత్తగూడ అడవి ఊళ్లలో సిగ్నల్ అందకపోయినా కార్డులు తిరుగుతూనే ఉంటాయి. అదీ కుదరకపోతే పెళ్లి శుభలేఖలను నాలుగు ముక్కలుగా కోయండి, వెనక తెల్లగా ఉంటుంది. మిఠాయి డబ్బాలో అట్టతో ఐదు అరలు చేయండి. 1972 నాటి లైట్నర్ పెట్టె అదే. యాప్ చేసే లెక్కలో ముఖ్యమైన భాగం ఆ డబ్బా కూడా చేస్తుంది.

పండుగకో పత్తి ఏరడానికో పది రోజులు మానేశారనుకోండి. తెరిచేసరికి రెండు వందల కార్డులు ఎదురుచూస్తుంటాయి. చాలామంది ఆ అంకె చూసి అక్కడితో ఆపేస్తారు. కొత్త కార్డులు పూర్తిగా ఆపి, రోజుకు ముప్పై చొప్పున పాతవి తీర్చుకుంటూ పోండి. మెల్లగా దారికొస్తుంది.

కొన్ని కార్డులు ఎన్నిసార్లు వచ్చినా తప్పుతూనే ఉంటాయి. ఎనిమిది సార్లు మరిచిపోయిన కార్డును యాప్ జలగ అని పేరుపెట్టి గుర్తు వేస్తుంది. దాన్ని పట్టుకుని వేలాడకండి. ఆ వాక్యం మరీ పొడవుగా ఉండి ఉంటుంది, లేదంటే ఒకే వాక్యంలో రెండు చిక్కులు ఉండి ఉంటాయి, లేదంటే మీరెప్పుడూ అనని మాట అయి ఉంటుంది. దాన్ని కొట్టేసి, అదే వ్యాకరణంతో మీ ఇంట్లో నిన్న నిజంగా అన్న మాట ఒకటి పట్టుకుని, దాన్ని రాసుకోండి.